అక్క నడక

మా అత్తగారు ముప్ఫై ఏళ్ళకు పైగా సినిమాల్లో నడిచారు గానీ ఒక్క సినిమాలోనూ కనిపించలేదు. తెర మీద హీరోయిను మెట్లు దిగుతుంటే టకటకలాడే చెప్పులు, జబ్బుపడ్డ తల్లి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కాళ్ళీడ్చుకుంటూ పోయే చప్పుడు, అలిగిన కోడలు విసవిసా నడిచి దభీమని తలుపేసుకోవడం, ఇవన్నీ ఆవిడ చలవే. అలిగిన కోడలి నడక నన్ను చూసి నేర్చుకున్నానని నలుగురిలో అంటూ ఉంటారు. నమ్మకండి. ఆ సినిమా వచ్చేటప్పటికి నాకింకా పాలపళ్ళే.

షూటింగులో దొరికే చప్పుడు పనికిరాదట. లైట్ల రొద, ఫ్యాన్ల హోరు, వెనకాల ఎవడో దగ్గడం, అన్నీ అందులో పడతాయి. అందుకని సినిమా తీశాక ఒక మూసిన గదిలో గోడ మీద బొమ్మ వేసుకుని, ఆ బొమ్మతో పాటు నడిచి, చప్పుళ్ళు కొత్తగా పట్టేవారు. ఆ గది గోడలకి పరుపుల్లాంటి మందపాటి గుడ్డలు తొడిగి ఉండేవి. నేల మాత్రం అతుకుల బొంత. ఒక చోట చెక్క, ఒక చోట బండరాయి, ఒక చోట ఇసుక పోసిన తొట్టి, ఇంకో చోట గులకరాళ్ళు. మూలన గుట్టగా పాత చెప్పులూ బూట్లూ. అది మా అత్తగారి రాజ్యం. స్టూడియోలో అందరూ ఆవిడని చప్పుళ్ళమ్మ అనేవారు.

నడిచిన సినిమాలెన్నో ఆవిడకే లెక్క లేదు. వాటిలో ఒక్కటి మాత్రం నిలిచిపోయింది. యుద్ధకాలంలో ఒక మఠంలో జరిగే కథ. దీక్ష తీసుకున్న ఒక యువతి గాయపడిన శత్రుసైనికుడికి కట్లు కడుతుంది. కడుతూ కడుతూ మనసిచ్చేస్తుంది. దేవుడికిచ్చిన మాట ఒక పక్క, ఆ మనిషి ఒక పక్క. చివరికి ఒక తెల్లవారుజామున మఠం తలుపు తీసి అతన్ని పంపించేస్తుంది, తను మాత్రం వెనక్కి తిరిగి, పొడుగాటి రాతి వసారాలో నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోతుంది. మాటలుండవు, పాట ఉండదు. అడుగుల చప్పుడొక్కటే. ఇప్పటికీ టీవీలో ఆ సినిమా వస్తే జనం గరిట చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోతారు.

ఆ అడుగుల సంగతి చెప్పాలంటే యుద్ధం దగ్గర మొదలుపెట్టాలి.

మా అత్తగారికీ వాళ్ళక్కకీ చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోయారు. ఊరి బయట గుట్ట మీదున్న మఠం వాళ్ళు ఇద్దర్నీ చేరదీశారు. అక్కకి ఊహ తెలిసినప్పటినుంచీ దేవుడంటే ఇష్టం. వయసు రాగానే దీక్ష తీసుకుంది. చెల్లెలిది వేరే దారి కాదు, అక్క ఎటు వెళితే అటే. తనూ తీసుకుంది. తలకి తెల్లగుడ్డ, ఒంటికి పాదాలదాకా ముతక నూలు అంగీ, కాళ్ళకి గుడ్డ అడుగున్న చెప్పులు.

యుద్ధం వచ్చి మఠం భోజనాల హాలుని ఆసుపత్రి చేసింది. బల్లలు తీసేసి మంచాలు వేశారు. ఒక చివర మనవాళ్ళు, ఇంకో చివర పట్టుబడ్డ శత్రువులు, మధ్యలో తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడే ఒక కాపలావాడు. ఆ అవతలి చివర, కిటికీ పక్క మంచంలో, తొడలో గుండు దిగిన ఒక వడ్రంగి ఉండేవాడు. ఆయనే మా మామగారు.

వచ్చేటప్పటికి ఆయనకి మన భాషలో మూడే ముక్కలొచ్చు: నీళ్ళు, నొప్పి, దేవుడా. మిగతా భాషంతా మా అత్తగారి దగ్గర నేర్చుకున్నదే. చెంచా చూపించి చెంచా, కిటికీ చూపించి కిటికీ. రోగులందరినీ ఆవిడ మీరు అనేవారు కాబట్టి, పక్కనున్న మనిషిని మీరు అంటారని ఆయన అనుకున్నాడు. ప్రార్థనలో దేవుణ్ణి నువ్వు అంటారు కాబట్టి, పెద్దవాళ్ళని నువ్వు అనాలని తేల్చుకున్నాడు. అదే ఖాయమైపోయింది. ఈ రోజుకీ మా ఇంట్లో పిల్లిని "మీరు పాలు తాగారా?" అని అడుగుతారు, ఇంటికొచ్చిన జడ్జిగారిని "నువ్వు కూర్చో" అంటారు.

కాలు చాపుకునే కూర్చుని విరిగిన మంచాలు బాగుచేస్తుండేవాడట. ఆ చేతులు చూస్తూ ఉండిపోయేదాన్నే అంటారు మా అత్తగారు. కట్టు కట్టడానికి పట్టాల్సిన సమయం కంటే ఎక్కువ పడుతోందని ముందు ఆవిడే గమనించుకుంది. భయమేసింది. మోకాళ్ళ మీద కూర్చుని, "స్వామీ, ఇది నాలోంచి తీసెయ్" అని వేడుకుంది. తియ్యలేదు. అక్కతో చెప్పింది. ఇద్దరూ పెరట్లో రక్తపు కట్లు ఉడకబెడుతున్నారప్పుడు.

అక్క కర్రతో గంగాళం ఒకసారి తిప్పింది. "వార్డులో పని మానేసి ఉతుకుడికి రా. కంటికి దూరమైతే అదే సర్దుకుంటుంది" అంది.

వచ్చింది. వస్తే ఏమైంది? రోజూ ఉతకడానికొచ్చే చొక్కాల్లో ఒకదాని జేబులో రంపంపొట్టు ఉండేది. ఆ చొక్కా ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు. "ఆ పొట్టు దులిపి పారెయ్యడానికి నాకు ఎంతసేపు పట్టేదో అక్కకి తెలుసే. చూసీ చూడనట్టు అటు తిరిగేది" అని నాతో ఒకసారి అన్నారు.

యుద్ధం ముగిసింది. పట్టుబడ్డవాళ్ళని ఇళ్ళకి పొమ్మన్నారు. వడ్రంగి పోలేదు. కర్ర ఊతం మీద మఠం సింహద్వారం ముందుకొచ్చి నిలబడి, పెద్దమ్మగారిని పిలిపించాడు. పెద్దమ్మగారంటే మఠానికి అధిపతి. ఆవిడ ఎదురైతే ఊరి మేయరు కూడా టోపీ తీసేవాడు.

"నువ్వు ఆమెని అడుగు," అన్నాడీయన. "వద్దంటే నేను పోతాను. నువ్వు అడక్కపోతే నేను పోను."

పెద్దమ్మగారికి ముందు ఏ విషయానికి కోపం తెచ్చుకోవాలో తెలియలేదట, అడిగినదానికా, నువ్వన్నందుకా.

అడిగారు. అందరి ముందూ నిలబెట్టి అడిగారు. మా అత్తగారు తల వంచుకోలేదు. "వెళ్తానమ్మా. దేవుణ్ణి వదిలి కాదు. ఆయనకి చెప్పే వెళ్తున్నాను" అన్నారు. గోడ దూకి పారిపోయిందని తరవాత ఊళ్ళో అనుకున్నారు గానీ, అది అబద్ధం. మిట్టమధ్యాహ్నం, సింహద్వారంలోంచి, అందరూ చూస్తుండగా వచ్చారు. మడతపెట్టిన అంగీని అక్క చేతిలో పెట్టారు.

అక్క దాన్ని గుండెకి హత్తుకుంది. మాట మాత్రం రాయిలా వచ్చింది. "వెళ్ళేదానివి వెళ్ళు. మళ్ళీ ఇటు చూడకు."

అక్క వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. ఆ అడుగులు చెల్లెలు వినలేదు. తన గుండె కొట్టుకునే చప్పుడే చెవుల్నిండా ఉంది.

శత్రువు, మఠం వదిలొచ్చిన మనిషి, ఈ జంటకి గది ఎవరిస్తారు? చివరికి సైకిలు షాపు మీద రేకుల గది దొరికింది. మధ్యాహ్నాలు పెనం మీద కూర్చున్నట్టుండేదట. స్టూడియోలో సెట్లు కట్టే వడ్రంగులు కావాలంటే మామగారు వెళ్ళారు. అక్కడ నువ్వెవరు, ఏ దేశం అని అడిగే తీరిక ఎవరికీ లేదు. పొద్దున కోట కట్టడం, మర్నాడు పడగొట్టడం. మా అత్తగారు ఆసుపత్రి దుప్పట్లు ఉతికేవారు. కొడుకు పుట్టాడు. ఆ కొడుకునే పెద్దయ్యాక నాకు అంటగట్టారు. ఆవిడ ప్రార్థన మాత్రం ఒక్కపూట మానలేదు. "మొగుణ్ణి చేసుకున్నాను. దేవుడితో పోట్లాట పెట్టుకోలేదు కదా" అనేవారు.

ఆవిడ చప్పుళ్ళ గదిలోకి వెళ్ళడం కూడా అనుకోకుండానే జరిగింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళ అడుగులు కూడా ఒక బొజ్జాయనే వేసేవాడు. గుబురు మీసాలు, కింద ఎత్తు మడమల చెప్పులు. మా అత్తగారు మామగారికి అన్నం క్యారేజీ తెచ్చిన రోజున ఆ బొజ్జాయన ఆ చెప్పుల మీంచి జారి కాలు మడతేసుకుని కూర్చున్నాడు. లోపల పని ఆగిపోయింది. సౌండు చూసే ఇంజనీరు బయటికొచ్చి, క్యారేజీతో నిలబడ్డ మనిషిని చూసి, "అమ్మా, మీకు నడవడం వచ్చా?" అన్నాడు.

"ఇక్కడిదాకా ఎలా వచ్చాననుకున్నారు?" అన్నారీవిడ.

క్యారేజీ కింద పెట్టి లోపలికెళ్ళారు. మఠంలో అన్నేళ్ళు చప్పుడు కాకుండా నడవడం నేర్పించారు కాబట్టి, ఏ అడుగుకి ఎంత చప్పుడొస్తుందో ఆవిడ కాలికి తెలుసు. మామగారు ఆ రోజు చల్లారిన అన్నం తిన్నారు. బొజ్జాయన కాలు బాగయ్యాక కూడా, "ఆడవాళ్ళవన్నీ ఆవిడకే ఇవ్వండి బాబూ, నా మడమలకి ముక్తి" అని దణ్ణం పెట్టాడట.

ఇలా కొన్నేళ్ళు గడిచాక ఆ మఠం సినిమా వచ్చింది. సెట్టు కట్టింది మామగారే. ఇంటికొచ్చి, "మీకు చెప్పాలి. నేను మన మఠం కడుతున్నాను" అన్నారు. మా అత్తగారు నవ్వారు. కథ తెలిశాక నవ్వు ఆగిపోయింది.

డైరెక్టరు సన్నగా, చీపురుపుల్లలా ఉండేవాడట. టీ తప్ప ఇంకేమీ తిన్నట్టు కనబడేవాడు కాదు. సినిమా అంతటికీ అడుగులు బ్రహ్మాండంగా కుదిరాయి. మంచాల మధ్య పరుగులు, వంటింట్లో తచ్చాట, అతని మంచం దగ్గర అడుగు పడీ పడనట్టు ఆగిపోవడం. అది నడుస్తున్నప్పుడు గదిలో ఇంజనీరు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చప్పుళ్ళన్నీ మా అత్తగారు ఎక్కడినుంచో తేవక్కర్లేదు, ఒంట్లో ఉన్నవే.

చివరి నడక దగ్గర బండి ఆగింది.

గోడ మీద బొమ్మ మొదలవుతుంది. హీరోయిను తలుపు మూసి వెనక్కి తిరుగుతుంది. మా అత్తగారు బండరాయి మీద నడుస్తారు. డైరెక్టరు తల అడ్డంగా ఊపుతాడు. మళ్ళీ. మళ్ళీ అడ్డంగానే. పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా అదే వరస.

"ఎందుకు బాలేదో చెప్పండి బాబూ," అన్నారావిడ చిరాగ్గా.

"మీరు నడుస్తుంటే ఆ అమ్మాయి ఏడుస్తూ పోతున్నట్టుందండీ. అక్కడ మొహం చూడండి. ఏడవట్లేదు."

"ఏడవక ఏం చేస్తుంది? ప్రాణంలాంటి మనిషిని పంపించేసి, ఆ చీకటి కొట్లోకి పోతోంటే! అసలు నన్నడిగితే ఈ పిల్లకి బుద్ధి లేదు. తలుపు తీసింది కదా, తనూ పోవచ్చుగా?"

డైరెక్టరు టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయనకి ఈవిడ కథ తెలియదు. "పోవచ్చండీ. కానీ పోలేదు. ఎందుకు పోలేదో నాకూ పూర్తిగా తెలీదు. హీరోయినుకి తెలిసినట్టుంది. మీక్కూడా తెలిస్తే బాగుండు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి గిన్నెల మీద కోపం చూపించారట. మామగారు ఉలికి పదును పెట్టుకుంటూ అంతా విన్నారు.

"మీ అక్క లోపలికి పోయింది," అన్నారు. "అక్కని అడగండి."

"అక్క నా మొహం చూడదు."

"మొహం ఎందుకు? చెవులు తీసుకెళ్ళండి చాలు."

మఠంలో వారానికోసారి పొద్దున్న ప్రార్థనకి ఊరివాళ్ళని రానిస్తారు. మా అత్తగారు తలమీద ముసుగు కప్పుకుని, జనంలో కలిసి, బయటికొచ్చిన అదే సింహద్వారంలోంచి లోపలికెళ్ళారు. వెనక వరసలో స్తంభం చాటున కూర్చున్నారు. పాత పెద్దమ్మగారు ఏనాడో కాలం చేశారు. ఆ కుర్చీలో ఇప్పుడు అక్క ఉంది. నడుముకి మఠం తాళాల గుత్తి.

తల ఎత్తితే కనిపిస్తుంది. ఎత్తలేదు. కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ప్రార్థన అయింది. జనం వెళ్ళిపోయారు. చివర్న తలుపు గడియ వేసిన చప్పుడు, ఆ తరవాత వసారాలోకి మళ్ళిన అక్క అడుగులు.

"నేనేం అనుకున్నానో తెలుసా?" అని నాతో అన్నారు మా అత్తగారు. "అన్నేళ్ళూ అక్క కాళ్ళీడ్చుకుంటూ బతుకుతోందనుకున్నానే. నేను సుఖపడ్డాను, అది పాపం మగ్గిపోతోందని. రోజూ ప్రార్థనలో దానికోసం ఏడ్చేదాన్ని. తీరా వింటే..."

తీరా వింటే అది పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన మనిషి నడక. మడమ గట్టిగా ఆనించి, ఎక్కడా తడబాటు లేకుండా, లోపల తన కోసం పని ఎదురుచూస్తోందన్నట్టు. తాళాలు గలగలమనకుండా గుప్పిట్లో పట్టుకున్నట్టుంది, వాటి చప్పుడే లేదు. వసారా మలుపు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగింది. అలసి కాదు. ఏదో గుర్తొచ్చినట్టు. అంతలోనే మళ్ళీ సాగింది.

మా అత్తగారికి స్తంభం చాటున కూర్చునే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయట. అక్క తన ఇంట్లో తను ఉంది. ఎవరూ కట్టి పడెయ్యలేదు. తను ఎంత ఇష్టంగా బయటికి నడిచిందో, అక్క అంత ఇష్టంగానూ లోపలికి నడిచింది. ఆ సంగతి అన్నాళ్ళకి తెలిసింది. పలకరించకుండానే లేచి, గడియ తీసుకుని వచ్చేశారు.

తిన్నగా స్టూడియోకి వెళ్ళారు. పాత బూట్ల గుట్టలోంచి గుడ్డ అడుగున్న చెప్పులు తీసి తొడుక్కున్నారు. ముతక గుడ్డ ఒకటి నడుముకి చుట్టుకున్నారు, నడుస్తుంటే అంగీ రాసుకునే చప్పుడు కోసం. "వెయ్యండి బాబూ బొమ్మ" అన్నారు.

నడిచారు. అక్క నడిచినట్టు నడిచారు. మలుపు దగ్గర హీరోయిను కూడా ఆగుతుంది, అది చిత్రంగా కలిసింది. బొమ్మ అయిపోయి గోడ తెల్లబడింది. డైరెక్టరు లేచి వచ్చి, మైకు ఇంకా తెరిచే ఉందన్న సంగతి మర్చిపోయి, "ఎక్కడ దొరికిందమ్మా ఇది?" అన్నాడు.

"మా పుట్టింట్లో," అన్నారు మా అత్తగారు.

సినిమా తయారైంది గానీ బయటికి రానిచ్చేలా లేరు. దీక్ష తీసుకున్న మనిషికి కోరిక పుట్టడమేంటి, అదీ శత్రువు మీద, దాన్ని తెర మీద చూపించడమేంటి అని పెద్దమనుషులు కొందరు గగ్గోలు పెట్టారు. స్టూడియో గేటు ముందు అరుపులు. సినిమాలు చూసి సరేననే సంఘంవాళ్ళు ఎటూ తేల్చలేక, గగ్గోలు పెట్టినవాళ్ళ నాయకుణ్ణీ, గుట్ట మీద మఠం పెద్దమ్మగారినీ పిలిచి చూపిద్దాం అన్నారు. మఠం వద్దంటే సినిమా డబ్బాలోనే ఉండిపోతుంది.

స్టూడియో వెనక చిన్న హాలులో వేశారు. ముందు వరసలో సంఘంవాళ్ళు, నాయకుడు. ఒక పక్కన పెద్దమ్మగారు, ఆవిడకి అటూ ఇటూ ఇద్దరు చిన్న వయసు మఠవాసినులు. వెనక మెషిను గదిలో డైరెక్టరు, ఇంజనీరు, మామగారు, మా అత్తగారు. చూడలేనని మా అత్తగారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. గాజు కిటికీలోంచి చూసి చెబుతున్నది మామగారు.

"ఏం చేస్తోంది?"

"కూర్చుంది."

"అది నాకూ తెలుసు. మొహం ఎలా ఉంది?"

"మొహం మొహంలా ఉంది."

సినిమా చివరికొచ్చింది. తలుపు మూసుకుంది. అడుగులు మొదలయ్యాయి. మామగారు మా అత్తగారి భుజం పట్టుకుని ఇటు తిప్పారు. "ఇప్పుడు చూడండి," అన్నారు.

హాలులో అందరూ తెరకేసి చూస్తున్నారు. పెద్దమ్మగారొక్కతే తల వంచి, తన పాదాలకేసి చూసుకుంటోంది.

లైట్లు వేశారు. నాయకుడు ముందే లేచాడు. "ఇది అపచారం. దేవుడికి అంకితమైన మనిషికి ఇలాంటి కోరికా? అమ్మా, మీరే చెప్పండి" అన్నాడు.

పెద్దమ్మగారు కూర్చునే అన్నారు. "పుడుతుంది నాయనా. పుట్టకపోవడానికి మేమేమైనా రాళ్ళమా? పుట్టింది, చూసుకుంది, భయపడింది, దేవుణ్ణడిగింది. ఆ తరవాత తనకి ఏది ఇల్లో తేల్చుకుంది. ఇందులో అపచారం నాకెక్కడా కనబడలేదు. కొందరు ఇటు వెళ్తారు, కొందరు అటు వెళ్తారు. దేవుడికి రెండు వైపులా కళ్ళున్నాయి."

"అయితే మఠానికి అభ్యంతరం లేదా?"

"నాకున్నదల్లా ఒక ప్రశ్న. చివర్న ఆ నడిచింది ఎవరు?"

"హీరోయినండీ," అన్నాడు సంఘంవాళ్ళలో ఒకాయన.

"కాదు. ఆ కాళ్ళు ఎవరివని."

మెషిను గది తలుపు తెరుచుకుంది. మా అత్తగారు వచ్చి మెట్ల మీద నిలబడ్డారు. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. హాలులో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. డైరెక్టరుకి మాత్రం అప్పుడే అర్థమైంది. చేతిలోని గ్లాసులో టీ ఒలికిపోతున్నా చూసుకోలేదట.

"నా నడక కాజేశావు కదే," అంది అక్క.

"ఇటు చూడొద్దన్నావు. చూడలేదక్కా. వినొద్దని మాత్రం అనలేదుగా."

పెద్దమ్మగారి మొహం కాసేపు గంభీరంగా ఉండాలని చాలా పాటుపడింది. ఉండలేకపోయింది. ఆవిడ నవ్వుతూనే ఏడ్చేసింది, లేచి రెండు చేతులూ చాపింది. తాళాల గుత్తి నడుముకి ఊగుతూ హాలంతా గలగలమంది.

వెనకనుంచి మామగారు కుంటుకుంటూ వచ్చి, "నువ్వు బాగున్నావా?" అన్నారు.

చిన్న మఠవాసినులిద్దరూ నోళ్ళు తెరిచారు. పెద్దమ్మగారు కళ్ళు తుడుచుకుని, "ఇన్నేళ్ళయినా ఈయనకి భాష నేర్పలేకపోయావుటే?" అంది.

సినిమా విడుదలైంది. మొదటి ఆటకి మా అత్తగారు, మామగారు, పిల్లాడు నేల టిక్కెట్లు కొనుక్కుని వెళ్ళారు. అరుపులతో, ఈలలతో హోరెత్తిపోతున్న హాలు, చివరి నడక మొదలుకాగానే గప్‌చుప్‌గా అయిపోయింది. వేరుశనక్కాయలు ఒలుస్తున్నవాళ్ళు ఒలవడం ఆపేశారు. అడుగుల చప్పుడు ఒక్కటే గోడలకి తగిలి తిరిగొస్తోంది. అది ఆగగానే పైకప్పు లేచిపోయేలా చప్పట్లు. ఆవిడ ముందు వరసలో ఇద్దరాడవాళ్ళు అక్కడే వాదన వేసుకున్నారట, నేనైతే వెళ్ళిపోయేదాన్నని ఒకామె, నేనైతే ఉండిపోయేదాన్నని ఇంకొకామె. "నువ్వెటంటావమ్మా?" అని మా ఆయన చిన్నప్పుడు అడిగితే, "రెండూ ఒప్పే, పద, బస్సు పోతుంది" అన్నారట.

ఆ సినిమా నెలల తరబడి ఆడింది. ఊరూరా ఆడింది. మఠం నుంచి దీక్షలో ఉన్నవాళ్ళంతా తెల్లగుడ్డల్లో వరసగా థియేటరుకి వస్తే రోడ్డు మీద జనం పక్కకి జరిగి దారిచ్చారు. ఒకప్పుడు గది ఇవ్వమంటే మొహాలు తిప్పుకున్న వీధిలోనే, మేడ మీద వాటా ఇస్తాం రండి అని పిలిచారు. మామగారు వెళ్ళి, గోడలు తట్టి చూసి, "తలుపులు బాలేవు, నేను చేస్తాను" అని ఒప్పుకున్నారు. నేను కాపురానికొచ్చింది ఆ ఇంటికే.

పెద్దత్తగారు, అంటే మా అత్తగారి అక్క, అప్పటికి బాగా పెద్దదైపోయింది. మఠంలో టీవీ పెట్టించుకున్నారు, వార్తల కోసం అనేవారు. ఆ సినిమా ఎప్పుడొచ్చినా మాకు ఫోను వచ్చేది. "నా నడక వస్తోంది. చూస్తున్నారా?" అని. ఇవతల మా అత్తగారు ఫోను లాక్కుని, "అది నా నడక. సినిమాలో నడిచింది ఎవరు?" అనేవారు. ఇద్దరూ అలా పోట్లాడుకుంటుంటే సినిమా అయిపోయేది. పెద్దత్తగారు పోయే ముందు రోజుల్లో చెల్లెలు మఠంలోనే ఉండి, పక్కనే పడుకుని సేవ చేసింది. ఆ గదిలోంచి నవ్వులు వినిపిస్తుంటే కొత్తగా చేరిన పిల్లలు గుమ్మంలో గుమిగూడి వినేవారట.

మా అత్తగారికి సినిమావాళ్ళ సంఘం శాలువా కప్పింది, ఒక వెండి పలక ఇచ్చింది. మాట్లాడమంటే, "నాకు మాటలు రావు, కావాలంటే నడుస్తాను" అన్నారు. ఆ రోజు హాలంతా లేచి నిలబడింది. నేనూ అక్కడే ఉన్నాను. చప్పట్లు ఎంతకీ ఆగకపోతే విసుగొచ్చి, ఆవిడే కూర్చోండి కూర్చోండి అని చెయ్యి ఊపాల్సొచ్చింది.

ఇప్పుడు చప్పుళ్ళన్నీ కంప్యూటర్లో దొరుకుతాయి. అయినా పోయిన నెల ఒక కుర్ర డైరెక్టరు మా ఇంటికొచ్చాడు. సినిమాలో ఒక ముసలి మహారాణి ఉందట, రాజ్యం పోగొట్టుకుని మళ్ళీ గెలుచుకుని సింహాసనం ఎక్కుతుందట, ఆ నడక కంప్యూటర్లో దొరకలేదట.

మా అత్తగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "మహారాణికి మోకాళ్ళ నొప్పులున్నాయా, లేవా?"

అతను ఆలోచనలో పడ్డాడు. "రాసుకోలేదండీ. ఉంటాయంటారా?"

"ఉంటాయి. ఉన్నా ఎక్కుతుంది. అక్కడే ఉంది అసలు సంగతి," అని లేచారు. నాకేసి తిరిగి, "ఆ బూట్ల సంచి అందుకోవే. పొయ్యి కట్టేసి రా, ఇద్దరం వెళ్దాం" అన్నారు.

వెళ్ళాం. చేతికర్ర మైకుకి వినబడుతుందని గుమ్మం దగ్గరే వదిలేశారు. చెక్క మెట్ల మీద, నొప్పుల మోకాళ్ళతో, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మా అత్తగారు సింహాసనం ఎక్కారు. మొదటిసారికే ఓకే అయింది.